మంచు పడని ఊళ్ల మంచు హాకీ

జింజ్‌లో జులై మధ్యాహ్నం గడప దాటితే చాలు, కళ్లద్దాల మీద ఆవిరి పడుతుంది. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక పేట ఇది. ఎండ నలభై డిగ్రీలు దాటడం ఒక ఎత్తు, దానికి తోడయ్యే సముద్రపు ఉక్కపోత ఇంకో ఎత్తు. వీధి మొగలో కోల్డ్ స్టోరు, దాని ముందు నీళ్ల సీసాల పెట్టెలు, పైన గోడ పొడవునా ఏసీ డబ్బాలు. గోదావరి జిల్లాలవాళ్లు, కడపవాళ్లు, కరీంనగర్‌వాళ్లు, కేరళవాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు పక్కపక్క ఫ్లాట్లలో కాపురముంటారు. ఇలాంటి చోటు పేరు పెట్టుకుని ఐస్ హాకీ గురించి రాయడమేమిటని మీకు అనిపిస్తే తప్పేం లేదు. కానీ ఈ దేశమే 2011లో కజకిస్తాన్‌లో జరిగిన ఆసియా శీతాకాల క్రీడలకు ఐస్ హాకీ జట్టును పంపింది. మనామా తీరంలోని ఫన్‌ల్యాండ్ సెంటర్ రింకు మీద ఎందరో గల్ఫ్ పిల్లలు పడుతూ లేస్తూ స్కేటింగ్ నేర్చుకున్నారు.

చుట్టుపక్కల దేశాలు ఇంకా ముందే మొదలుపెట్టాయి. దుబాయ్‌లో అల్ నాసర్ లీజర్‌ల్యాండ్ రింకు 1979 నాటిది. మరుసటి ఏడాదే కువైట్‌కూ రింకు వచ్చింది. 2010లో గల్ఫ్ దేశాలు కువైట్‌లో తమలో తాము చాంపియన్‌షిప్ ఆడుకుంటే ఎమిరేట్స్ గెలిచింది. అబుధాబి క్రీడాకారిణి ఫాతిమా అల్ అలీ 2017లో అమెరికా వెళ్లి, వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు మ్యాచ్‌కు ముందు లాంఛనంగా పక్‌ను, అంటే ఈ ఆటలో కొట్టే రబ్బరు బిళ్లను, మంచు మీదికి వదిలింది.

మంచు కురవాలంటే దేవుడు కరుణించాలి. మంచుగడ్డ నిలవడానికి కరెంటు, డబ్బు, కాస్త ఓపిక సరిపోతాయి. ఈ తేడా పట్టుకున్న దేశాలే ఇవాళ పిల్లల చేత ఐస్ హాకీ ఆడిస్తున్నాయి. మనం పట్టుకోలేదు.

క్రిస్మస్ మర్నాటి సందడి

ఈ ఆటలో కుర్రాళ్ల టోర్నమెంటు అనగానే గుర్తొచ్చేది ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్. ఇరవై ఏళ్లలోపు వాళ్లది. 1977 నుంచి అధికారికంగా జరుగుతోంది. పది జట్లు, మొదలయ్యేది క్రిస్మస్ మర్నాడు, ముగిసేది జనవరి మొదటి వారంలో. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల బరులు ఎలా కిటకిటలాడతాయో, ఆ పది రోజులూ కెనడాలో టీవీల ముందు అలా ఉంటుంది. పెద్దల లీగులో డబ్బు, ఒప్పందాలు, లెక్కలు. ఇక్కడ ఆడేవాళ్లకు సరిగ్గా గడ్డాలైనా రావు. గెలుపు చేతికొచ్చాక పారేసుకుంటారు, పోయిందనుకున్నది లాక్కొస్తారు. చూసేవాడికి అదే మజా.

1978లో మాంట్రియల్‌లో పదహారేళ్ల వేన్ గ్రెట్స్కీ అందరికన్నా ఎక్కువగా 17 పాయింట్లు సాధించాడు. ఆ తర్వాత అతను ఈ ఆటలో ఎంత పెద్ద పేరయ్యాడో హాకీ తెలియనివాళ్లకూ తెలుసు. 2023 టోర్నమెంటు నిజానికి రష్యాలో జరగాలి. ఉక్రెయిన్ మీద యుద్ధంతో దాన్ని కెనడాకు మార్చారు. అక్కడ పదిహేడేళ్ల కానర్ బెడార్డ్ 7 మ్యాచుల్లో 23 పాయింట్లు కొట్టాడు. గోలుకు ఒకటి, గోలుకు సాయపడినందుకు ఒకటి చొప్పున వేసే లెక్క ఇది.

చెడ్డ పేరు తెచ్చుకున్న రోజూ ఉంది. 1987 జనవరి 4, అప్పటి చెకొస్లొవాకియాలోని పియెష్టానీ పట్నం. కెనడా, సోవియట్ కుర్రాళ్ల మ్యాచ్. కెనడా 4–2తో ముందుంది. రెండో పీరియడ్‌లో ఒక చిన్న తోపులాట. అంతలో సోవియట్ బెంచీ మీది ఆటగాళ్లు గోడ దూకి మంచు మీదికొచ్చారు, వెంటనే కెనడావాళ్లూ దూకారు. చేతి తొడుగులు, హెల్మెట్లు నేలంతా పరుచుకున్నాయి. ఆపడం చేతకాక రిఫరీలు మైదానం వదిలిపోయారు. చివరికి నిర్వాహకులు దీపాలు ఆర్పేశారు. చీకట్లో కూడా కొట్టుకున్నారు. రెండు జట్లనూ టోర్నమెంటు నుంచి వెళ్లగొట్టారు, బంగారు పతకం ఫిన్లాండ్‌కు దక్కింది. ప్రచ్ఛన్న యుద్ధం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, ఆర్పేసిన దీపాల కింద తన్నుకున్న ఆ పిల్లల దృశ్యమంత సూటిగా చెప్పవనిపిస్తుంది నాకు.

ఇంకా చిన్నవాళ్లది క్యూబెక్ నగరంలో జరుగుతుంది. పీ-వీ టోర్నమెంటు అంటారు, పదకొండు పన్నెండేళ్ల పిల్లలది. 1960లో మొదలైంది, ఏటా ఫిబ్రవరిలో ప్రపంచం నలుమూలల నుంచీ జట్లు వస్తాయి. బయటి పిల్లల్లో చాలామంది హోటళ్లలో దిగరు. ఊళ్లోవాళ్లే ఇళ్లలో పెట్టుకుని అన్నం పెడతారు. 1974లో గ్రెట్స్కీ ఆడిన బ్రాంట్‌ఫర్డ్ జట్టు టెక్సస్ పిల్లల్ని 25–0తో ఓడించింది. 2023లో మాత్రం అక్కడి జనం స్కోరు కోసం రాలేదు. యుద్ధంతో యూరప్ అంతటా చెల్లాచెదురైన ఉక్రెయిన్ పిల్లల్ని ఒక్కొక్కరినీ పోగుచేసి, జట్టుగా కూర్చి తీసుకొచ్చారు. కిక్కిరిసిన పెద్ద స్టేడియంలో ఆ పిల్లలు బోస్టన్ జట్టును 3–1తో ఓడించారు. కొందరి తండ్రులు అప్పటికి యుద్ధభూమిలో ఉన్నారు.

కెనడాలో స్థిరపడిన పంజాబీలు ఈ ఆటను ఎప్పుడో సొంతం చేసుకున్నారు. 1989లోనే రాబిన్ బావా పెద్దల లీగైన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు. 2008 నుంచి పంజాబీలో వ్యాఖ్యానం నడుస్తోంది. జూనియర్ లీగులో 2021–22కి అత్యధిక పాయింట్ల ఆటగాడిగా నిలిచిన అర్షదీప్ బైన్స్ తర్వాత వాంకూవర్ జట్టులోకి వెళ్లాడు. టొరంటోలోనూ ఎడ్మంటన్‌లోనూ ఉన్న మన కుటుంబాలు పిల్లల్ని స్పెల్లింగ్ పోటీలకు తిప్పినంత శ్రద్ధగా రింకులకు తిప్పితే ఏమవుతుందో చూడాలనుంది.

గడ్డ ఎలా తయారవుతుంది

రింకు రహస్యం పైన కనిపించే తెల్లదనంలో లేదు, కింద ఉంది. ముందు సిమెంటు పలక వేస్తారు. దాని కడుపులో కిలోమీటర్ల కొద్దీ గొట్టాలు. వాటిలో ఉప్పునీళ్లో గ్లైకాలో సున్నాకి బాగా దిగువన చల్లబడి తిరుగుతూనే ఉంటుంది. పలక చల్లబడ్డాక నీళ్లను పల్చగా చల్లుతారు. అది గడ్డకట్టాక మరో పొర. మధ్యలో తెల్లరంగు పూసి, ఎర్ర నీలం గీతలు గీసి, వాటి మీద మళ్లీ నీళ్లు. చివరికి తేలే మందం మహా అయితే ఒకటిన్నర అంగుళం. అంత బరువైన ఆట అంత పల్చటి గడ్డ మీద నడుస్తుంది.

పిల్లలు ఇరవై నిమిషాలు ఆడేసరికి స్కేట్స్ అంచులకు గడ్డంతా చెక్కుకుపోయి తురుము పైకొస్తుంది. అప్పుడు జాంబోని బండి వస్తుంది. పై పొరను గీకి, తురుమును మింగి, వెనకనుంచి వేడినీళ్లు పరుస్తూ పోతుంది. చన్నీళ్లు కాదు, వేడినీళ్లే. వేడినీళ్లు పాత గడ్డ పైపొరను కాస్త కరిగించి దానితో కలిసిపోతాయి, వాటిలో గాలి తక్కువ గనక గడ్డ గట్టిగా, నున్నగా వస్తుంది. ఈ బండిని 1949లో కనిపెట్టిన ఫ్రాంక్ జాంబోని ఉన్నది కాలిఫోర్నియాలో. అతని ఊళ్లోనూ మంచు పడదు.

పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల. మూడంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం, 170 గ్రాముల లోపు బరువు. మ్యాచ్‌కు ముందు దాన్నీ ఫ్రీజర్లో పెడతారు, లేకపోతే ఎగురుతుంది. పద్దెనిమిది లోపు వాళ్లు ముఖం మొత్తం కప్పే జాలీ పెట్టుకుని తీరాలి. ఆటగాడు మంచు మీద ఒక్క దఫాలో ఉండేది ముప్పావు నిమిషం. ఆ తర్వాత రొప్పుతూ బెంచీ మీదికి.

మాల్‌లో పుట్టిన చాంపియన్లు

జింజ్‌లో మన పక్క ఫ్లాటువాళ్ల దేశం సంగతికొద్దాం. ఫిలిప్పీన్స్‌లో మంచు కురవడం ఎవరూ చూడలేదు. మనీలాలో ఎస్‌ఎం సంస్థ తన మాల్స్‌లో రింకులు కట్టింది. షాపింగ్‌కు వచ్చిన పిల్లలు స్కేట్స్ కట్టుకున్నారు. ఆ పిల్లలే పెరిగి జట్లయ్యారు. 2016లో ఆ దేశం అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. 2017లో కౌలాలంపూర్‌లో జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో పురుషులు బంగారు పతకం గెలిచారు. 2025లో మహిళల ఆసియా కప్ కూడా వాళ్లదే.

ఆ కప్పులో మూడో స్థానం మనది. 1989 నుంచి సమాఖ్య సభ్యత్వమున్న దేశం, మహిళల జట్టును తొలిసారి బయటికి పంపింది 2016లో, తైపేకి. అన్నీ ఓడిపోయారు. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఇదే ఫిలిప్పీన్స్‌ను 4–3తో ఓడించి మొదటి గెలుపు చూశారు. అంటే 2017లో మన చేతిలో ఓడిన జట్టు 2025లో విజేత, మనకు కాంస్యం. మనవాళ్లలో ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలు. మూడున్నర వేల మీటర్ల ఎత్తున, చెరువులు గడ్డకట్టే రెండు నెలలే వాళ్ల సాధన. మిగతా పది నెలలు ఎదురుచూపే. ఆ కాంస్యం గెలిచిన ఊరు ఏదనుకున్నారు? ఎమిరేట్స్‌లోని అల్ ఐన్. నెల, జూన్. హిమాలయాల పిల్లలకు పతకం కావాలంటే ఎడారికి వెళ్లాల్సొచ్చింది.

డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఒలింపిక్ కొలతల రింకు కట్టారు. పోటీలయ్యాక నిర్వహణ ఖర్చు మోయలేక మూసేశారు. పదేళ్లకు పైగా అలా పడి ఉండి, 2025లో తెరుచుకుంది. రింకు కట్టడం రిబ్బను కత్తిరించేవాళ్ల పని, నడపడం కరెంటు బిల్లు కట్టేవాళ్ల పని. మన దేశంలో మొదటి రకానికి కొదవెప్పుడూ లేదు.

ఇందిరా పార్కు నుంచి లేహ్ దాకా

జింజ్ పక్కనే అయిన్ అధారి అనే పాత ఊట ఉంది. దాని నీళ్లు కాలవల వెంట దూరపు ఖర్జూర తోటలకు పోయేవి. పక్కనున్న నేల మాత్రం ఎండేది. అధారిలాగా దూరాన్ని తడిపి దగ్గరను వదిలేస్తాడని బహ్రెయినీలు ఇప్పటికీ సామెతగా అంటారు. ఊట ఎండిపోయి చాలా ఏళ్లయింది, సామెత నిలిచింది. స్కేటింగ్‌లో మన తీరు చూస్తే ఆ సామెతే గుర్తొస్తుంది.

మన పిల్లలు దూరపు ఊళ్లలో మెరుస్తారు, సొంత ఊళ్లో వాళ్లకు గడ్డ లేదు. పిల్లలు లేక కాదు. హైదరాబాద్ ఇందిరా పార్కు రింకులో, విశాఖ బీచ్ రోడ్డు పక్కన ఉడా పార్కులో తెల్లవారుజామున చక్రాల చప్పుడు వినండి. హైదరాబాదీ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో మంచు మీద 500 మీటర్ల పందెంలో బంగారు పతకం గెలిచింది. సొంత రాష్ట్రంలో పూర్తి కొలతల మంచు రింకు లేని అమ్మాయి, మంచు మధ్య పెరిగినవాళ్ల ఊళ్లో గెలిచింది.

చక్రాల మీద ఒంటిని ఆపుకోవడం వచ్చినవాడికి అంచుల మీద నిలవడం కొన్ని వారాల పని. చక్రాల హాకీ ఆడే పిల్లలకైతే కర్ర పట్టు, పాస్, గోలీని బోల్తా కొట్టించడం ముందే వచ్చేసి ఉంటాయి. అడ్డం ఒక్కటే, గడ్డ. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన స్నో వరల్డ్ 2004లోనే తెరుచుకుంది. టికెట్టు కొని ఉత్తుత్తి మంచులో ఆడుకోవడానికి మనవాళ్లు బారులు తీరారు. అంటే చలిని అమ్మడమూ తెలుసు, కొనడమూ తెలుసు. ఆ చలిని ఆటకు వాడటమే తెలియలేదు. ఖర్చు తక్కువని నేను బుకాయించను. కరెంటు బిల్లే గుండె ఆపేస్తుంది. అందుకే ప్రభుత్వం ఒక్కటే కట్టి తాళం వేసే పద్ధతి వద్దు. మనీలా దారే మనకు సరి: పగలు టికెట్ల మీద జనానికి, పొద్దుటా రాత్రీ హాకీ పిల్లలకు.

గచ్చిబౌలిలోనో మధురవాడలోనో కొత్త మాల్‌కు నక్షా గీయించుకుంటున్న బిల్డర్లకు, రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలకు ఒక విన్నపం. ఒక అంతస్తులో 60 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు స్తంభం అడ్డం లేకుండా వదలండి. అంతకు తగ్గిస్తే అది ఫొటోలు దిగడానికే పనికొస్తుంది, అంతర్జాతీయ మ్యాచ్‌కు పనికిరాదు. ఉదయం ఐదున్నరకు తలుపు తీయండి. పిల్లల్ని తీసుకొచ్చే పని తల్లిదండ్రులది, వాళ్లు ఇప్పటికే ఆ వేళకు ఇందిరా పార్కు గేటు దగ్గరుంటున్నారు.