బాతులలో అరికాలి పుండు: గుర్తింపు, చికిత్స, నివారణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అరికాలి పుండు ఎలా మొదలవుతుందో వివరించగలుగుతారు.
• వ్యాధి ఏ దశలో ఉందో గుర్తించగలుగుతారు.
• తొలి దశలో ఇంటి వద్ద చేయదగిన చికిత్సను, పశువైద్యునికి అప్పగించవలసిన చికిత్సను వేరు చేయగలుగుతారు.
• పుండు మళ్లీ రాకుండా నేలను సరిచేసుకోగలుగుతారు.

1. పరిచయం

కృష్ణా డెల్టాలో సార్వా కోతలు ముగియగానే బాతుల మందలు పొలాల్లోకి దిగుతాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుని తింటూ ఒక మడి నుంచి మరొక మడికి కదులుతాయి. దాళ్వా కోతల తరువాత మళ్లీ అదే తిరుగుడు. కాపరికి దాణా ఖర్చు తగ్గుతుంది, పొలానికి ఎరువు దక్కుతుంది. ఈ పద్ధతి అంతా బాతు నడక మీదే ఆధారపడి ఉంది. కుంటే బాతు మందలో వెనకబడుతుంది. దానికి కడుపు నిండదు, గుడ్లు తగ్గిపోతాయి. చివరకు తక్కువ ధరకు మాంసానికి పోతుంది.

విజయవాడ వన్ టౌన్ వంటి చోట సమస్య మరో రూపంలో వస్తుంది. కొండవాలు ఇళ్లలోగాని, ఇరుకు సందులలోగాని నాలుగైదు బాతులను పెంచితే వాటికి దొరికేది సిమెంటు నేల, రాతి మెట్లు. పొలంలో గుచ్చుకునే వరి మోళ్లు, పెరట్లో ఒరుసుకునే గచ్చు రెండూ దారితీసేది ఒకే వ్యాధికి. దానినే అరికాలి పుండు లేదా బంబుల్‌ఫుట్ అంటారు.

2. వ్యాధి కారణాలు

బాతు పాదం నీటిలో ఈదడానికి అనువైనది. అరికాలి చర్మం మెత్తగా ఉంటుంది. బరువైన శరీరాన్ని గట్టి నేల మీద ఎక్కువ సేపు మోసినప్పుడు ఆ చర్మం ఒరుసుకుపోతుంది. తుమ్మ ముల్లు, గాజు పెంకు, తీగ ముక్క గుచ్చుకున్నా చర్మం తెగుతుంది. తడి, రెట్ట కలిసిన పరుపు మీద నిలబడితే చర్మం నాని, చిన్న గీత కూడా పుండుగా మారుతుంది.

ఇలా తెరుచుకున్న దారిలో సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. వీటిలో ముఖ్యమైనది స్టెఫైలోకోకస్ ఆరియస్. ఇ. కోలి వంటివి కూడా కనిపిస్తాయి. మేతలో ‘ఎ’ విటమిన్, బయోటిన్ లోపిస్తే చర్మం బలహీనపడి వ్యాధికి మరింత అవకాశం కలుగుతుంది.

3. వ్యాధి దశలు

తొలి దశ: అరికాలిలో ఎర్రదనం, నున్నగా అరిగిన చర్మం లేదా చిన్న ఆనె కనిపిస్తుంది. కుంటడం ఉండకపోవచ్చు.

మధ్య దశ: అరికాలు ఉబ్బి, వేడిగా ఉంటుంది. మధ్యలో నల్లని పొక్కు కడుతుంది. బాతు కుంటుతుంది, ఎక్కువ సేపు కూర్చుంటుంది.

ముదిరిన దశ: వాపు వేళ్లకు, మడమ కీలుకు పాకుతుంది. స్నాయువులకు, ఎముకకు చీము పడుతుంది. ఈ దశలో కాలు పూర్తిగా బాగుపడడం కష్టం.

గమనిక: మందలో చాలా బాతులు ఒకేసారి కుంటినా, పచ్చని విరేచనాలు, మెడ వంకర, ఆకస్మిక మరణాలు కనిపించినా అది అరికాలి పుండు కాదు. డక్ ప్లేగు, బర్డ్ ఫ్లూ వంటివి కావచ్చు. మందను కదపకుండా వెంటనే పశువైద్యునికి తెలపాలి.

4. చీమును పిండితే ఎందుకు రాదు?

పశువుల గడ్డను కోస్తే చీము కారిపోతుంది. పక్షులలో అలా జరగదు. చీమును కరిగించే ఒక ముఖ్యమైన ఎంజైము పక్షుల తెల్ల రక్తకణాలలో లేదు. అందువల్ల చీము ఉడికిన పచ్చసొనలా గట్టిపడి, అరికాలి లోపల గడ్డగా నిలుస్తుంది. దీని నుంచి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, పిండితే గడ్డ బయటికి రాదు, సూక్ష్మజీవులు మరింత లోపలికి పోతాయి. రెండవది, ఆ గడ్డలోకి మందు సరిగా చేరదు గనుక యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తే పుండు మానదు.

5. చికిత్స

5.1 ఇంటి వద్ద చేయదగినది (తొలి దశ)

1) కుంటే బాతును వేరు చేసి, పొడి వరిగడ్డి పరచిన చోట ఉంచాలి. తల ముంచుకునేంత లోతు గల పాత్రలో నీరు పెట్టాలి.
2) చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఈ సూక్ష్మజీవి మనిషి చేతి గాయంలోకి కూడా చేరగలదు.
3) లీటరు గోరువెచ్చని నీటిలో రెండు పెద్ద చెంచాల ఎప్సమ్ ఉప్పు కలిపి, పాదాన్ని 10 నుంచి 15 నిమిషాలు నాననివ్వాలి. ఆ నీటిని బాతు తాగకుండా చూడాలి, తాగితే విరేచనాలవుతాయి.
4) లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు చెంచాన్నర కలిపి, ఆ నీటితో కడిగి తుడవాలి. తరువాత పలుచని టీ రంగు వచ్చేలా నీరు కలిపిన పోవిడోన్ అయోడిన్ పూయాలి.
5) చర్మం తెగి ఉంటే శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టాలి. వేళ్లు ఉబ్బితే కట్టు బిగిసిందని అర్థం. కట్టును రోజూ మార్చాలి, తడిస్తే వెంటనే మార్చాలి. కట్టు ఉన్నంత కాలం చెరువులోకి, కాలువలోకి వదలకూడదు.

సున్నం, కిరోసిన్ పూయడం వల్ల కణజాలం కాలుతుంది. పసుపు ముద్దతో పొక్కును కప్పేస్తే లోపలి గడ్డ అలాగే ఉండిపోతుంది.

5.2 పశువైద్యుడు చేయవలసినది

నల్లని పొక్కు కట్టినా, మూడు నాలుగు రోజులలో వాపు తగ్గకపోయినా వైద్యుని చూపించాలి. వైద్యుడు నొప్పి తెలియకుండా మందు ఇచ్చి, గడ్డను పూర్తిగా తీసి, గాయాన్ని శుభ్రం చేస్తాడు. అవసరమైతే చీమును పరీక్షకు పంపి, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తెలుసుకుంటాడు. ఇంట్లో బ్లేడుతో కోయడం వల్ల రక్తస్రావం, స్నాయువు తెగడం జరగవచ్చు.

డెల్టా వాసులకు గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

5.3 యాంటీబయాటిక్ విషయంలో జాగ్రత్త

ఒక బాతు కుంటిందని మంద మొత్తానికి నీటిలో మందు కలపకూడదు. దానివల్ల మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఈ ప్రమాదం దృష్ట్యానే మానవ వైద్యంలో కీలకమైన కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే జీవులలో వాడడాన్ని భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది. మందు వాడిన బాతు గుడ్లను, మాంసాన్ని వైద్యుడు చెప్పిన గడువు ముగిసే వరకు తినకూడదు, అమ్మకూడదు.

6. నివారణ: పాదంతోపాటు నేలకూ చికిత్స

పుండు మానిన బాతును అదే గచ్చు మీదకు, అదే తడి పరుపు మీదకు వదిలితే వ్యాధి తిరిగి వస్తుంది. కాబట్టి:

• సిమెంటు నేలపై మూడు నాలుగు అంగుళాల మందాన పొడి ఊక పరచాలి. తడిసిన చోట ఊకను తీసి కొత్తది వేయాలి.
• నీటి పాత్రను ఒక మూలన, నీరు ఇంకిపోయే ఇసుక మీద గాని జల్లెడ మీద గాని ఉంచాలి.
• ఎత్తైన మెట్ల మీద నుంచి దూకనివ్వకూడదు.
• మందను కొత్త పొలంలోకి తోలే ముందు ముళ్ల కంపలు, గాజు పెంకులు ఉన్న గట్లను తప్పించాలి.
• తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలు మేతలో కలపాలి.
• వారానికోసారి సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు కొన్ని బాతుల అరికాళ్లు తిప్పి చూడాలి. వెనకబడి నడిచే బాతును అదే రోజు పరీక్షించాలి.

7. సారాంశం

అరికాలి పుండు నేల నుంచి మొదలవుతుంది, గాయం ద్వారా ప్రవేశిస్తుంది. చర్మం ఎర్రబడిన దశలో శుభ్రత, పొడి పరుపు సరిపోతాయి. పొక్కు కట్టిన తరువాత గడ్డను తీయడం వైద్యుని పని. ఎముకకు పాకిన తరువాత చేయగలిగింది తక్కువ. అందువల్ల ఖర్చు లేని చికిత్స వారానికోసారి అరికాలు చూడడమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పక్షులలో చీము గట్టిపడడానికి కారణం ఏమిటి?
2. యాంటీబయాటిక్ ఒక్కదానితో పుండు ఎందుకు మానదు?
3. మీ ప్రాంతంలో బాతులు తిరిగే నేలను పరిశీలించి, పాదాలకు హాని చేసే మూడు అంశాలను, వాటిని సరిచేసే మార్గాలను రాయండి.