పుష్పసంకేతం – పుష్పచిత్రం

పద్యపాదానికి గురులఘువులు గుర్తించి గణవిభజన చేయడం తెలుగు చదివిన విద్యార్థులందరికీ పరిచితమే. పువ్వుకు సైతం అటువంటి లక్షణలేఖనం ఒకటి కలదని వృక్షశాస్త్ర శాఖలోని మిత్రుల వలన మేము తెలిసికొన్నాము. దానికి పుష్పసంకేతమని పేరు.

పెరటిలోని ఒంటిరేకు మందారాన్నే తీసికొందాము. వెలుపలినుండి లోపలికి రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, ఫలదళాలు వలయాలుగా అమరి ఉంటాయి. వీనికి వరుసగా కె, సి, ఎ, జి అనే రోమను అక్షరాలు గుర్తులు. అక్షరం ప్రక్కన వేసే అంకె భాగాల సంఖ్య. అంకెను కుండలీకరణాలలో ఉంచితే ఆ భాగాలు ఒకదానితో నొకటి కలిసినవని అర్థం. మందారపు రక్షకపత్రాలు 5, కలిసినవి. ఆకర్షణపత్రాలు 5, విడివిడివి. ఉమ్మెత్తలోనైతే ఆ అయిదూ కలిసి గరాటా ఆకృతి దాల్చినవి గనుక అక్కడ కుండలీకరణాలు తప్పవు. మందారపు కేసరాలు అనేకం. అవి గొట్టమై కీలాన్ని చుట్టుకొని ఉంటాయి. కాబట్టి కుండలీకరణాలలో అనంతచిహ్నం వేస్తారు. ఫలదళాలు 5, కలిసినవి. జి అక్షరం క్రింద గీత ఉంటే అండాశయం ఇతర భాగాలకు పైన ఉన్నదని భావం. ఇది మాకు మొదట తలక్రిందులుగా తోచినది! ఆ గీత ఇతర భాగాలు పుట్టే మట్టమని గ్రహించిన పిదప చిక్కు వీడినది.

అయితే ఏ రేకు అంచు దేనిపై వాలినదో సంకేతం చెప్పలేదు. అందుకు పుష్పచిత్రం కావలెను. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఐక్లర్ 1875–78 సంవత్సరాల నడుమ రెండు సంపుటాల గ్రంథాన్ని ఈ చిత్రాలకే కేటాయించినాడు. మొగ్గను అడ్డంగా కోసి చూచి దీనిని గీస్తారు. విచ్చిన పువ్వులో రేకుల అల్లిక చెదరిపోతుంది. పైన చిన్న చుక్క మాతృకాండానికి గుర్తు, క్రింద పుష్పపుచ్ఛం, నడుమ వలయాలు. మందారంలో ప్రతి రేకూ ఒక అంచుతో ప్రక్కదానిని కప్పుతూ, రెండవ అంచున వేరొకదానిచే కప్పబడి ఉంటుంది.

మా విద్యార్థి ఒకడు ప్రయోగ తరగతికి ముద్దమందారం తెచ్చినాడు. ఇరవైకి పైగా రేకులు లెక్కించి వ్రాసి, పుస్తకంలో 5 అని ఉండుట చూచి, చెరిపి 5 వేసినాడు. మార్కుల భయం! నిజానికి ముద్దమందారంలో కేసరాలనేకం రేకులుగా మారుతాయి. అతడు మొదట వ్రాసిన అంకెయే సరియైనది. మిత్రులైన వృక్షశాస్త్రోపన్యాసకులు ఆ అంకెనే తిరిగి వ్రాయించి, మరునాడు ఒంటిరేకు మందారపు మొగ్గను కూడ తెమ్మన్నారు.