పుప్పొడి తినే సీతాకోకచిలుక

సీతాకోకచిలుకల్లో చాలా జాతులు రెక్కలొచ్చాక రెండు మూడు వారాలే బతుకుతాయి. మధ్య, దక్షిణ అమెరికా వర్షారణ్యాల్లో ఉండే హెలికోనియస్ మాత్రం ఆరు నెలల దాకా బతకగలదు. ఇది పూలతేనెతో సరిపెట్టుకోదు, పుప్పొడి కూడా తింటుంది. సీతాకోకచిలుకకు నమిలే నోరు లేదు కదా, మరి ఎలా తింటుంది? ఈ సంగతిని 1972లో లారెన్స్ గిల్బర్ట్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త వివరించాడు. దోస కుటుంబానికి చెందిన అడవి తీగల పూల మీద వాలి, తొండానికి పుప్పొడిని ముద్దగా అంటించుకుంటుంది. దాన్ని లాలాజలంతో తడిపి, తొండాన్ని చుడుతూ విప్పుతూ గంటల తరబడి నానుస్తుంది. అమైనో ఆమ్లాలు ఆ ద్రవంలోకి దిగాక తాగేస్తుంది. తక్కిన సీతాకోకచిలుకలు గుడ్లకు కావలసిన మాంసకృత్తుల కోసం ఎక్కువగా గొంగళిపురుగు దశలో దాచుకున్న నిల్వ మీదే ఆధారపడాలి. దీనికి ఆ కరువు లేదు కనుక నెలల పాటు గుడ్లు పెడుతూనే ఉంటుంది.

పెట్టేది ప్యాషన్ ఫ్రూట్ కుటుంబపు తీగల మీద. ఆ ఆకుల్లో సైనైడ్ పుట్టించే రసాయనాలు ఉంటాయి. హెలికోనియస్ పిల్లలు వాటిని తట్టుకుంటాయి, పెద్దయ్యాక ఆ విషమే పక్షుల నుంచి కాపాడుతుంది. తీగ మాత్రం ఊరుకుంటుందా! ఆడ సీతాకోకచిలుక ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూస్తుంది, అప్పటికే అక్కడ గుడ్డు కనబడితే వెళ్లిపోతుంది. ముందు గుడ్డు నుంచి బయటికొచ్చిన పురుగు పక్క గుడ్డును తినేస్తుంది మరి. ఇదే అదనుగా కొన్ని తీగలు అచ్చం గుడ్డులాంటి పసుపు బుడిపెలను పెంచుకున్నాయి. వాటిని చూసి ఆడవి గుడ్లు పెట్టడం తగ్గిస్తాయని 1981లో ప్రయోగాలతో తేలింది. పాసిఫ్లోరా అడెనోపోడా అనే తీగది ఇంకా మొరటు పద్ధతి: దాని ఆకుల మీది కొక్కేల్లాంటి నూగు చాలా జాతుల పురుగుల చర్మాన్ని చీల్చి చంపేస్తుంది.

గుడ్డు నుంచి రెక్కల దాకా సుమారు నెల పడుతుంది. కొన్ని హెలికోనియస్ జాతుల్లో మగవి ఆడ ప్యూపా దగ్గరే కాపు కాసి, అది పూర్తిగా బయటికి రాకముందే జతకడతాయి. మనకు దౌర్జన్యంగానే తోస్తుంది.

మన దగ్గర హెలికోనియస్ లేదు. దాని ఉపకుటుంబానికే చెందిన టానీ కోస్టర్ అనే సీతాకోకచిలుక ఉంది. మీ పెరట్లో ప్యాషన్ ఫ్రూట్ తీగ మీద ముళ్ల గొంగళిపురుగులు కనిపిస్తే అవి దాని పిల్లలు కావచ్చు. నాలుగు ఆకులు పోయినా ఫరవాలేదు, మందు కొట్టకండి.