ఆయిల్ గేజి ముల్లు చెప్పు మాట

ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను అట్టి పాత కారును ఇంటి మనిషివలె చూచుకొను గృహస్థులు నేటికిని కలరు. ఇంజిను బోరుకు వచ్చినచో దానిని పూర్తిగా విప్పించి, క్రాంకు గ్రైండింగు చేయించి, క్రొత్త బేరింగులు వేయించి మరల బిగింపించుకొందురు. అట్టివారిని తరుచు కలవరపెట్టు ఆయిల్ గేజిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఒక యజమాని అట్లు బాగుచేయించిన కారులో పుష్యమాసపు చలిలో మదనపల్లె నుండి బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వి.కోటల మీదుగా కుప్పమునకు పోవుచున్నాడనుకొందము. బయలుదేరినప్పుడు ముల్లు చదరపు అంగుళమునకు 60 పౌండ్లు చూపినది. పుంగనూరు దాటుసరికి 50 అయినది. కుప్పము బజారులో బండి నిలిపి ఇంజినును మెల్లగా తిరుగనిచ్చినప్పుడు 20కి దిగినది. పోసిన సొమ్మంతయు మట్టిపాలైనదా? ఆ ముల్లు దేనిని కొలుచుచున్నదో తెలిసినచో ఈ భయము చాలవరకు తీరును.

టమాటా తోటలో నీరు కట్టునప్పుడు పైపు నోటికి వ్రేలు అడ్డము పెట్టినచో నీరు విసురుగా చిమ్మును. మోటారు నీటిని తోయును. దారి ఇరుకగుటచే ఒత్తిడి కలుగును. ఇంజినులోని పంపును అట్లే ఆయిలును తోయును. ఆ ఆయిలు క్రాంకునకును బేరింగునకును నడుమనున్న సన్నని సందు గుండ బయటికి జారును. ఆ సందు పెట్టు అడ్డునే గేజి ఒత్తిడిగా చూపును. 1849లో ఫ్రాన్సు దేశీయుడైన బూర్డాన్ కనిపెట్టిన వంపు గొట్టము ఆయిలు ఒత్తిడికి కొంచెము విప్పారి ముల్లును త్రిప్పును.

ఈ ఒత్తిడిని నిర్ణయించునవి ముఖ్యముగా మూడు: ఆయిలు చిక్కదనము, ఇంజిను వేగము, బేరింగు సందు. వేడెక్కిన ఆయిలు పలుచబడి సులభముగా జారును. వేగము తగ్గినచో పంపు తోయునదియు తగ్గును. కనుక పై ఉదాహరణములో ముల్లు దిగుట సహజమే. ఇక సందు సంగతి: రెండంగుళముల క్రాంకునకు సుమారు అంగుళములో వేయింట రెండు వంతుల సందు వాడుక. ఆ సందు రెండింతలైనచో జారిపోవు ఆయిలు ఎనిమిదింతలగును. గ్రైండింగులో వెంట్రుకవాసి తప్పు కూడ గేజిలో కనబడుట ఇందుచేతనే.

మరి 20 పౌండ్ల ఒత్తిడి క్రాంకును మోయగలదా? 1883లో ఇంగ్లండున బోషాంప్ టవర్ రైలుబండి ఇరుసు బేరింగునకు పైన రంధ్రము చేసి కొయ్య బిరడా బిగించెను. ఆయిలు దానిని పైకి నెట్టివేసెను. గేజి పెట్టిచూడగా ముల్లు 200 పౌండ్లు దాటెను. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ కారణము చెప్పెను: తిరుగు ఇరుసు తానే ఆయిలును సందులోనికి లాగుకొని, తన బరువును మోయుటకు చాలినంత ఒత్తిడిని అక్కడ పుట్టించుకొనును. పంపు చేయవలసినది ఆయిలును తెగకుండ అందించుటయే. వేయి చుట్లకు పది పౌండ్లు అనునది మెకానిక్కుల వాడుక లెక్క. తుది ప్రమాణము ఆ కారు పుస్తకమే.

ముల్లు అకస్మాత్తుగా సున్నకు పడినచో ప్రక్క ఊరి వరకు పోవుదమనుకొనరాదు. తక్షణమే బండి నిలిపి ఇంజిను ఆపి, డిప్ స్టిక్కుతో ఆయిలు చూడవలెను. మలుపులలో మాత్రమే ముల్లు జారినచో అడుగున ఆయిలు తక్కువైనదేమో అనుమానింపవలెను. కరెంటు గేజి యున్న కారులో తీగ చెడినను ముల్లు తప్పు చెప్పును. గొట్టపు గేజి తగిలించి సరిచూచుట మేలు. వేడెక్కిన తరువాతకూడ ఒత్తిడి మితిమీరి యున్నచో సంతోషింపరాదు. రిలీఫ్ వాల్వు పట్టివేసినదేమో, దారి పూడినదేమో చూపించవలెను.

కొందరు రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనుక వాషరు వేసి ముల్లును పైకెక్కింతురు. ఆ వాల్వు ఒత్తిడి హెచ్చినప్పుడే తెరచుకొనునది కనుక, మెల్లగా తిరుగునప్పటి కొరతను అది తీర్పదు. చిక్కని ఆయిలు పోసినను ముల్లు పైకెక్కును గాని, అరిగిన సందు అరిగినట్లే యుండును.

బాగుచేయించిన ఇంజినును మొదటిసారి రగిలించుటకు ముందు ప్లగ్గులు తీసి, ముల్లు కదలువరకు స్టార్టరుతో త్రిప్పుట మంచిది. ఆ పిమ్మట ఇంజిను బాగుగా వేడెక్కినప్పుడు, మెల్లగా తిరుగునపుడు ఎంత, ఒక స్థిరమైన వేగములో ఎంత అని రెండంకెలను తేదీతో పుస్తకములో వ్రాసికొనవలెను. నెలకొకసారి అదే వేడిలో, అదే వేగములో, అదే రకపు ఆయిలుతో పోల్చి చూడవలెను. అంకె నిలకడగా నున్నంతవరకు నిశ్చింతగా నుండవచ్చును. నెలనెలకు తగ్గుచున్నచో క్రాంకు చెడకముందే మెకానిక్కునకు చూపి, పెద్ద ఖర్చును తప్పించుకొనవచ్చును.