రంగమండపంలో పిల్లల అడుగులు

పూజలో ఛత్రచామరాది రాజోపచారాలు పలికేటప్పుడు అర్చకస్వామి నృత్యాన్ని కూడా పేరు పెట్టి పలుకుతారు. ఆ సేవ చేసేవారు ఎదుట లేనందున దానికి బదులుగా అక్షతలు సమర్పిస్తారు. ఒకప్పుడు గోదావరి తీరాన ఆ సేవ నిజంగానే జరిగేది. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలలో దైవసేవకులైన సానుల ప్రస్తావన ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా బల్లిపాడులోని మదనగోపాలస్వామి ఆలయ సంప్రదాయానికి చెందిన సారిదె మాణిక్యమ్మ గారు ఆ అభినయ విద్యను మన కాలం వరకు నిలిపిన విదుషీమణి.

బాలికలను దేవాలయాలకు అంకితమిచ్చే ఆచారాన్ని 1947లో నాటి మద్రాసు రాష్ట్రం చట్టం ద్వారా నిషేధించింది. అది జరగవలసిన మేలు. అయితే ఆచారంతో పాటు విద్యను కూడా లోకం చిన్నచూపు చూసింది. ఆ కళాకారిణుల వద్దకు వెళ్లి, వారి విద్యను సేకరించి, ‘ఆంధ్రనాట్యం’ పేరిట మళ్లీ వేదిక ఎక్కించినవారు ఆచార్య నటరాజ రామకృష్ణ. ఆ విద్య మన పిల్లల శరీరానికి, మనస్సుకు చేసే మేలును తెలుసుకోవడం ఇప్పుడు అవసరం.

శరీరస్పృహ అంటే ఏమిటి?

కళ్లు మూసుకున్నా మన చేయి ఎక్కడ ఉన్నదో మనకు తెలుస్తుంది. కండరాలు, కీళ్లు ఎప్పటికప్పుడు మెదడుకు సమాచారం పంపడమే దీనికి కారణం. శరీరం ఒరిగినదీ నిలిచినదీ లోపలి చెవి తెలుపుతుంది. ఈ రెండు జ్ఞానాలూ పుట్టుకతో అంకురించినా, అభ్యాసంతోనే పదునెక్కుతాయి. ఎక్కువసేపు కదలక కూర్చునే పిల్లలకు ఆ అభ్యాసం తక్కువవుతుంది. 5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

నాట్యశిక్షణ ఈ స్పృహతోనే మొదలవుతుంది. అరమండిలో నిలిచిన బాలిక మోకాళ్లు పాదాల వైపే తిరిగి ఉన్నాయా, వెన్ను నిటారుగా ఉన్నదా అని తనను తానే గమనించుకోవాలి. తొడలకు, పిక్కలకు బలం, నిలకడ అక్కడ సమకూరుతాయి. నందికేశ్వరుని అభినయదర్పణం శిరోభేదాలు 9, దృష్టిభేదాలు 8, గ్రీవాభేదాలు 4, ఒంటిచేతి ముద్రలు 28 అని విడదీసి చెప్పింది. మయూరహస్తంలో ఉంగరపు వేలు బొటనవేలిని తాకుతుండగా తక్కిన వేళ్లు చాచి ఉండాలి. వేళ్లను ఇలా వేరువేరుగా స్వాధీనపరచుకోవడం చిన్నపిల్లలకు ఎంత కష్టమో, అంత ఉపయోగం.

మనస్సుకు చేసే మేలు

పాదం ఒక లయలో, చేయి మరొక రీతిలో, చూపు చేతి వెంట కదలాలి. అదే అడుగును మూడు కాలాలలో వేయాలి. 3, 4, 5, 7, 9 అక్షరాల జాతులను చప్పట్లతో లెక్కించాలి. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, తన వంతు వచ్చే వరకు ఆగే ఓర్పు ఈ అభ్యాసంలో వేర్వేరు పాఠాలు కావు. అభినయంలో క్రోధం, భయం, కరుణ ముఖాన పలికించే పిల్లలు ఆ భావాలను తమలోనూ పోల్చుకోగలుగుతారు. మాటల్లో చెప్పుకోలేని పసివారికి ఇది గొప్ప ఆసరా.

ఇది ఆడపిల్లలకే పరిమితమన్న అభిప్రాయం సరికాదు. కూచిపూడిలో తరతరాలుగా అభ్యసించినవారు మగపిల్లలే. సత్యభామ పాత్రతో ఖ్యాతి పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ పరంపరలోనివారే.

పాటించవలసిన జాగ్రత్తలు

నాట్యం వైద్యానికి బదులు కాదు. నడకలో గాని, మాటలో గాని, ప్రవర్తనలో గాని ఇబ్బంది ఉన్న పిల్లలను ముందుగా వైద్యులకు చూపించాలి. గట్టి రాతినేలపై ఎక్కువసేపు పాదతాడనం మోకాళ్లకు మంచిది కాదు. చెక్కనేల ఉంటే మేలు, లేకుంటే సాధన కొద్దిసేపే జరగాలి. నొప్పి అన్నప్పుడు ఆపాలి. భంగిమ దిద్దేటప్పుడు గురువులు పిల్లల అనుమతి అడిగి తాకడం, తల్లిదండ్రులు చూడగలిగే చోట పాఠం జరగడం తప్పనిసరి. ఆరు నెలలు తిరగకముందే అరంగేట్రం గురించి తొందరపడితే శరీరస్పృహ పోయి ప్రదర్శన మాత్రమే మిగులుతుంది.

భక్తులు చేయగలిగినది

మన ఆలయాలలో కల్యాణ మండపాలు ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటాయి. వారానికి మూడు సాయంత్రాలు, ఒక గంట చొప్పున అక్కడ పిల్లలకు చోటు దొరికితే చాలు. దాతలు గజ్జెల కంటే ముందు మంచి నేలకు, గురువు గారి నెల జీతానికి, పేదపిల్లల రుసుముకు సాయపడితే ఆ దానం నిలకడగా ఉంటుంది. రాబోయే ఉత్సవాలలో అర్చకస్వామి నృత్యమని పలికిన వేళ, అక్షతలతో పాటు ఒక చిన్నారి అడుగు కూడా స్వామి సన్నిధిని వినిపించుగాక!