డైటింగ్‌లో ప్రొటీన్ ఎక్కువైతే?

తుంగతుర్తి కుర్రాడొకడు బరువు తగ్గాలని అన్నం మానేసి, ఉడికిన గుడ్లు, ప్రొటీన్ పౌడరుతోనే సరిపెట్టుకున్నాడనుకోండి. ఒంట్లో ఏం జరుగుతుంది?

అవసరం పోగా మిగిలిన ప్రొటీన్‌ను శరీరం ప్రొటీన్‌గా దాచుకోలేదు. అది విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. అది విషం. కాలేయం దాన్ని యూరియాగా మారిస్తే, మూత్రపిండాలు నీటితో కలిపి బయటికి పంపుతాయి. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు ఈ అదనపు పనిని మామూలుగా తట్టుకుంటాయి. ముందే దెబ్బతిన్నవాటికి మాత్రం ప్రమాదమే. పీచు తగ్గి మలబద్ధకం సరేసరి.

కండ కరగకుండా ప్రొటీన్ కావాల్సిందే, నిజం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు. 60 కిలోలుంటే దాదాపు 50 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి; మిగతాది పప్పు, పెసలు, పెరుగు, చేపల్లో దొరుకుతుంది. ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దని అదే సంస్థ 2024లో చెప్పింది.