ఆకు అడుగున ఏముంది?

సేంద్రియ పద్ధతిలో వేసిన పెరటి తోటలోనైనా మిద్దె తోటలోనైనా మొదటి పురుగు సాధారణంగా మొక్క నిలదొక్కుకున్న కొద్ది వారాలకే కనబడుతుంది. చిక్కుడు చిగురు నల్లబడుతుంది, వంగ ఆకు జల్లెడవుతుంది, మిరప ఆకు ముడుచుకుపోతుంది. కొత్తగా తోట వేసినవారు ఆ రోజే ఏదో ఒక మందు కలిపి కొట్టేస్తారు. తొలి ఏడాది జరిగే నష్టంలో చాలా భాగం పురుగు కంటే ఈ తొందర వల్లే వస్తుంది. ఏ పురుగో తెలియకుండా కొట్టిన కషాయం ఒక్కోసారి అసలు దొంగను వదిలేసి, దాన్ని తినడానికి వచ్చిన మిత్రపురుగును చంపుతుంది.

అందుకే మొదటి పని చూడటం. ఉదయం ఎండ ఎక్కకముందు ఆకును తిరగేసి అడుగు భాగం చూడాలి. పురుగులు ఎక్కువగా ఉండేదీ, గుడ్లు పెట్టేదీ అక్కడే. ఆకును నమిలేవి, రసం పీల్చేవి, కాయనో కొమ్మనో తొలిచేవి అని మూడు రకాలుగా గుర్తుపెట్టుకుంటే చాలు, ఏం చేయాలో సగం తెలిసిపోతుంది.

రసం పీల్చేవాటిలో అందరికీ ముందు ఎదురయ్యేది పేనుబంక. చిక్కుడు, అలసంద చిగుళ్ళను పట్టి చూస్తే ఆవగింజ కంటే చిన్న నల్లటి పురుగులు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు కిక్కిరిసి ఉంటాయి. ఆడపురుగు మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది కాబట్టి నాలుగు రోజుల్లో నాలుగు పురుగులు నలభై అవుతాయి. వాటి మధ్య చీమలు తిరుగుతుంటాయి. చీమ తన మీసాలతో పేనుబంక వీపు తట్టగానే వెనకనుంచి తియ్యటి బొట్టు ఒకటి బయటికి వస్తుంది, చీమ దాన్ని తాగేస్తుంది. ఆ తీపి కోసమే చీమలు పేనుబంకకు కాపలా కాస్తాయి, దాన్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. మిగిలిన తీపిబంక ఆకుల మీద పడి, దానిపై నల్లటి మసి తెగులు పెరుగుతుంది. అంటే మొక్క మీద చీమల బారు కనబడితే పైన పేనుబంకో పిండినల్లో ఉందని అర్థం. చీమల దారిని ఆపకుండా పేనుబంకను వదిలించడం కష్టం. కుండీ మొక్కలకైతే కుండీ అడుగున నీళ్ళ పళ్ళెం పెడితే చీమలు ఎక్కలేవు. ఆ పళ్ళెంలో నీళ్ళు రెండు మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

పేనుబంకకు మొదటి మందు నీళ్ళే. చిగురును చేత్తో పట్టుకుని పైపుతో గట్టిగా కొడితే చాలా భాగం రాలిపోతుంది, రాలినవి చాలావరకు మళ్ళీ ఎక్కలేవు. పిండినల్లికి ఆ పైన మెత్తటి బ్రష్‌తో రుద్దడం, బాగా పట్టిన కొమ్మను కత్తిరించి సంచిలో కట్టి పారేయడం అవసరమవుతుంది. ఇంకో సంగతి, పచ్చి పేడ, యూరియా లాంటి నత్రజని ఎరువులు ఎక్కువైన మొక్కకు మెత్తటి చిగురు వస్తుంది, రసం పీల్చే పురుగులు దాన్నే ఇష్టపడతాయి. బాగా మాగిన పశువుల ఎరువు వేసిన మొక్కకు ఈ బాధ తక్కువ.

మిరపలో ఆకు ముడత తెలుగు రైతుకు బాగా తెలుసు. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా మారితే అది తామర పురుగు పని, కిందికి ముడుచుకుంటే నల్లి పని. ముడత ఏ వైపో చూస్తేనే ఏ పురుగో తెలుస్తుంది. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల మిరప పొలాలను కుదిపేసిన కొత్త రకం తామర పురుగు పూతలో చేరి కాపును దెబ్బతీసింది. ఇంటి తోటలో కూడా మిరప పువ్వును తెల్ల కాగితం మీద తట్టి చూడటం మంచి అలవాటు, సన్నని పురుగులు కాగితం మీద పరుగెడుతూ కనబడతాయి. తామర పురుగులకు నీలం రంగు జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు అట్టలు పెడతారు. అట్టకు ఆముదం పూసినా సరిపోతుంది. బెండలో ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులును మోసుకొచ్చేది తెల్లదోమే. ఆ తెగులు వచ్చిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు, పీకేయాలి.

ఆకు నమిలే లద్దె పురుగులు చేతికి చిక్కే శత్రువులు. పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు గుడ్లను ఆకు మీద గుంపుగా పెట్టి గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. పొదిగిన పిల్లలు మొదట ఒక్కచోటే ఉండి ఆకును పలచటి జల్లెడ చేస్తాయి. ఆ రోజుల్లో ఆ ఒక్క ఆకు తుంచేస్తే వందల పురుగులు పోయినట్టే. వారం ఆలస్యమైతే అవి తోటంతా చెదిరిపోతాయి, పగలు మట్టిలో దాక్కుంటాయి, రాత్రి టార్చ్‌తో వెతకాల్సివస్తుంది.

తొలిచే పురుగులదే అసలు పరీక్ష, ఎందుకంటే అవి లోపలికి వెళ్ళాక ఏ మందూ తగలదు. వంగలో లేత కొమ్మ చివర ఒక్కటే వాలిపోయి కనబడితే కొమ్మ, కాయ తొలుచు పురుగు దూరిందని అర్థం. కొత్తవారు నీళ్ళు చాలలేదనుకుని ఇంకో చెంబెడు పోస్తారు. ఆ కొమ్మను వాలినచోటికి ఒక అంగుళం కింద కోసి నిలువునా చీల్చితే లోపల గులాబీ ఛాయ ఉన్న పురుగు కనబడుతుంది. పూతకు ముందే ఇలాంటి కొమ్మలన్నీ కోసి కాల్చేస్తే కాయల్లో పుచ్చు చాలా తగ్గుతుంది.

బీర, కాకర, సొర పాదుల్లో పండు ఈగ లేత కాయ చర్మం కింద గుడ్లు పెడుతుంది. కాయ ఒకవైపు వంకర తిరిగి, కుళ్ళి రాలుతుంది. పిందె దశలోనే కాయకు కాగితపు సంచో పాత బట్టో తొడగడం దీనికి తిరుగులేని ఉపాయం. రాలిన కాయలను ఎరువు గుంటలో వేయకూడదు, లోపలి పురుగులు మట్టిలో చేరి మళ్ళీ ఈగలై లేస్తాయి. ఎర బుట్టలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర తీగ కూరగాయల ఈగకు పనిచేయదు, దానికి క్యూల్యూర్ అడిగి తీసుకోవాలి.

మిత్రపురుగుల సంగతి. ఏడు చుక్కల ఎర్రటి అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్లను మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసలిలా ఉండే ఆ పిల్లను చూసి శత్రువనుకుని నలిపేస్తారు. అది పెద్దదయ్యేలోపు వందల పేనుబంకలను తింటుంది. వంగ, కాకర ఆకులను గీకి తినే చుక్కల పెంకుపురుగు దీనికి దగ్గరి బంధువు. దాని వీపు మెరవదు, సన్నటి నూగు ఉంటుంది, పిల్ల పసుపు రంగులో ముళ్ళతో ఉంటుంది. ఈ తేడా ఒక్కటి నేర్చుకున్నా తోటకు ఎంతో మేలు. గొల్లభామ, సాలీడు, సన్నటి కాడకు వేలాడే అల్లిక రెక్కల పురుగు గుడ్లు కూడా వదిలేయాల్సినవే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు నేర్పే లెక్క ప్రకారం, రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే మందు జోలికి పోనక్కర్లేదు. మిత్రులు రావాలంటే వాటికి కాస్త తిండి మిగలాలి, కాబట్టి నాలుగు పేనుబంకలను చూసి కంగారుపడకూడదు. గట్టున బంతి, ధనియాలు, సోంపు పూస్తే వాటి మకరందానికి మిత్రులు చేరతాయి.

ఇవన్నీ చాలనప్పుడు కషాయం. 50 గ్రాముల ఎండు వేపపప్పును దంచి గుడ్డలో కట్టి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపితే ఐదు శాతం కషాయం తయారవుతుంది. పాత ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పత్తిలో పురుగుమందులు మానేసినప్పుడు నమ్ముకున్నవాటిలో వేప ముఖ్యమైనది. వేపలోని చేదు పురుగును అప్పటికప్పుడు చంపదు. పురుగు తిండి మానేస్తుంది, కుబుసం విడవలేకపోతుంది. మర్నాడు పురుగు బతికే ఉందని రెట్టింపు మోతాదు కొట్టడం పొరపాటు. ఎండకు దాని శక్తి త్వరగా పోతుంది కనుక సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా, వారానికోసారి కొట్టాలి. వేపనూనె అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు, ముందు సబ్బులో గిలక్కొట్టి తర్వాత నీళ్ళు పోయాలి. ఏది కొట్టినా ముందు రెండు ఆకుల మీద చూసి ఒక రోజు ఆగాలి. పొగాకు కషాయం మాత్రం ఇంటి తోటలో వద్దు. అందులోని నికోటిన్ మనిషికీ విషమే, మిత్రపురుగులకూ విషమే.

వేపపండ్లు ఎండాకాలం చివర, తొలకరి రోజుల్లో రాలతాయి. అప్పుడే ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి దాచుకుంటే ఏడాదికి సరిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో పంట అయిపోయిన మడిని తిరగదవ్వి, కుండీ మట్టిని మిద్దె మీద పలచగా పరిచి రెండు వారాలు ఎండనిస్తే, లోపల దాగిన కోశస్థ దశ పురుగులు ఆ వేడికి చచ్చిపోతాయి, పైకి వచ్చినవాటిని మైనాలు ఏరుకుంటాయి.